ఎడమ పక్క డోరులో బెల్లు

ఈ మధ్య మా వీధి చివర కొత్తగా షెడ్డు పెట్టుకున్న ఇద్దరు ఆటో ఎలక్ట్రీషియన్లు నా దగ్గరికి వచ్చారు. ఎవరికో పాత వ్యానుని లోపల మంచం, ఫ్రిజ్జు పెట్టి మార్చి ఇస్తున్నారట. డోర్లలోకి వెళ్లే వైర్లు బయటికి కనిపించకుండా ఎలా తియ్యాలి, తీసినా తెగకుండా ఎలా కాపాడుకోవాలి అని అడిగారు. రాజమండ్రి చుట్టుపక్కల వైరు దాచడంలో నన్ను మించినవాడు లేడని ఎవరో చెప్పి పంపారట. ఒకప్పుడైతే ఆ మాటకి కాలరు ఎగరేసేవాడిని. ఆ రోజు వాళ్లకి టీ ఇప్పించి, కాగితం మీద రెండు బొమ్మలు గీసిచ్చి పంపేశాను. వాళ్లు వెళ్లాక, అసలు చెప్పాల్సింది చెప్పకుండా పంపేశానని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలో ఉన్న కుర్రవాళ్లు ఎవరైనా చదివితే చాలు.

మాది హైవే పక్కన బాడీలు కట్టే షెడ్డు. పాత వ్యాను ఏదైనా తెస్తే కావలసినట్టు మార్చి ఇచ్చేవాళ్లం. చేపపిల్లల్ని మోసే బళ్లు, ఊరూరా తిరిగే కంటి ఆసుపత్రి బస్సు, చర్చి వాళ్ల మైకుల వ్యాను, ఒకసారైతే పూతరేకులు అమ్ముకునే బండి కూడా చేశాం. అన్నిట్లోనూ వైరింగు నాదే. ముప్పై ఏళ్ల పైచిలుకు అదే షెడ్డులో, అదే స్టూలు మీద కూర్చుని చేశాను.

బండిలో మిగతా వైర్లన్నీ ఒకసారి కట్టేస్తే కదలవు. డోరులోకి వెళ్లే వైరు ఒక్కటే రోజూ కదులుతుంది. తెరిచినప్పుడల్లా సాగాలి, వేసినప్పుడల్లా ముడుచుకోవాలి. అందుకని కంపెనీ బళ్లలో డోరు తిరిగే బందుల మధ్య ముడతలు ముడతలుగా ఒక నల్లటి రబ్బరు గొట్టం పెడతారు, మీరు చూసే ఉంటారు. వైరు అందులో కాస్త వదులుగా ఉంటుంది. నీళ్లు దిగవు, రేకు అంచు కొయ్యదు. కానీ మేం చేత్తో కట్టిన డోర్లలో ఆ గొట్టం కాస్త వికారంగా కనపడేది. నేను దాన్ని కనపడనివ్వకుండా చేసేవాడిని. బండి పూర్తయ్యాక షెడ్డులో అందర్నీ పిలిచి, డోర్లు తెరిచిపెట్టి, ఎక్కడైనా వైరు కనపడితే ఈ పూట టీలు నావి అని పందెం వేసేవాడిని. ఎప్పుడూ నేనే గెలిచేవాడిని. ఆ గెలుపు కోసం కొన్ని డోర్లలో చెయ్యకూడని పనులు కూడా చేశానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

నాతో పాటే అక్కడ సీట్లు కుట్టే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఆత్రేయపురం అవతల ఏదో పల్లె ఆయనది, నాకంటే నాలుగేళ్లు పెద్ద. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకర్నొకరం బావా అనుకునేవాళ్లం. ఆయనకో అలవాటు ఉండేది. సీటు కుట్టడం పూర్తయ్యాక దాంట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, కాసేపు అలాగే ఉండిపోయేవాడు. నిద్రపోతున్నాడని మేం ఆటపట్టించేవాళ్లం. ఆయన మాత్రం, బండి చూసేవాడి కోసం కాదు బావా, కూర్చునేవాడి కోసం అనేవాడు. నేను నవ్వి నా డోరు దగ్గరికి పోయేవాడిని.

ఒక వానాకాలం మొదట్లో కడియం నుంచి ఒకాయన వ్యాను తీసుకుని వచ్చారు. పూలమొక్కల నర్సరీ ఉంది ఆయనకి. అరవై దాటిన మనిషి, గోళ్లలో మట్టి, మాట చాలా మెత్తన. వాళ్లావిడ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారట. చర్చిలో ఏళ్ల తరబడి పాటలు పాడిన మనిషట. గొంతులో జబ్బు వచ్చి ఆపరేషను చేస్తే ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. మెడకి ఒక గొట్టం పెట్టారు, ఊపిరి అందులోంచే. కాళ్లలో సత్తువ కూడా పోయింది. ఆవిడని ఆసుపత్రికీ, పాలకొల్లులో ఉన్న కూతురింటికీ తీసుకెళ్లడానికి వీలుగా వ్యాను మార్చాలన్నారు. వెనక పడుకుని వెళ్లే సీటు, చక్రాల కుర్చీ ఎక్కడానికి ఎడమ పక్క వెడల్పాటి డోరు, దుమ్ము రాకుండా డ్రైవరుకీ వెనక్కీ మధ్య అద్దం కావాలి. ఎప్పుడూ ఆయనే నడుపుతారు. ఆవిడకి ఏదైనా అవసరమైతే పిలవడానికి నోరు లేదు కాబట్టి ఒక బెల్లు కావాలి.

అన్నీ చెప్పి, చివర్లో నన్ను పక్కకి పిలిచారు. "తొమ్మిది నెలలు ఆసుపత్రిలో గొట్టాల మధ్య, వైర్ల మధ్య ఉందండి. ఈ బండిలో ఒక్కటీ ఆవిడ కంటపడకుండా చూడండి మేస్త్రి గారూ," అన్నారు. అలాంటి మాట నాతో అనాల్సిన అవసరమే లేదు. నేను అప్పటికే ఆ పనికి సిద్ధంగా ఉన్నాను.

బెల్లు స్విచ్ డోరు మీదే పెట్టాలని తేలింది. సీటులో వాలితే ఆవిడ ఎడమ చెయ్యి సరిగ్గా డోరు చేతిపట్టు మీదికి వస్తుంది. పైకి ఎత్తే ఓపిక ఆ చేతికి లేదు. నేను డోరు బందుల దగ్గర పద్ధతి ప్రకారం రబ్బరు గొట్టం పెట్టి, వైరు వదులుగా వదిలి, బెల్లు ముందు క్యాబిన్లో బిగించాను. ఆవిడని ఒకసారి తీసుకొచ్చి కూర్చోబెట్టి చూశారు. షెడ్డు బయట ఖాళీ స్థలంలో డోరు పూర్తిగా వెనక్కి, బాడీకి ఆనేదాకా తెరిచి, చెక్కపలకలు వేసి కుర్చీ ఎక్కించాం. ఆవిడ సన్నటి మనిషి. మెడ చుట్టూ మెత్తటి గుడ్డ కట్టుకుని ఉన్నారు. సీటు తడిమి చూసుకుని మా బావ వైపు చూసి నవ్వారు. తర్వాత బందుల మధ్య వేలాడుతున్న నల్ల గొట్టం కంటపడింది. దాన్ని చూస్తుండగా ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే మెడ మీదికి వెళ్లింది. ఆయన నా వైపు చూశారు.

ఆ గొట్టం తీసేద్దామని అప్పుడే నిర్ణయించుకున్నాను. జాలి పడే ఆ పని చేశానని నాకు నేను చెప్పుకుంటాను. అందులో నా గొప్ప ఎంత ఉందో కూడా నాకు తెలుసు.

మర్నాడు ముసురు పట్టింది. వ్యానుని షెడ్డు లోపలికి తెచ్చి, ఎడమ పక్క గోడ వైపు ఉండేలా నిలబెట్టాం. గొట్టం తీసేసి, రెండు బందుల మధ్య సందులోంచి, డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు వెనకగా వైరు తీశాను. కళ్లు దగ్గర పెట్టి చూసినా కనపడదు. ఎంత వదులు వదలాలో చూడడానికి డోరు తెరిచాను. గోడ అడ్డం వచ్చి సగానికే ఆగింది. ఆ సగానికి సరిపడా కొలిచి, మిగిలిన వైరు ఉబ్బుగా కనపడుతుందని లోపలికి లాగి కట్టేశాను. మా బావ సీటు చివర కుట్లు వేస్తూ, వాన తగ్గాక బండి బయటికి తీసి డోరు మొత్తం తెరిచి ఒకసారి చూడకూడదా బావా అన్నాడు. ఇన్నేళ్లు డోర్లు చేసినవాడికి డోరు ఎంత తెరుచుకుంటుందో తెలియదా అని విసుక్కున్నాను. నిజంగా తెలుసు. ముందు రోజు ఆ డోరు బాడీకి ఆనేదాకా తెరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా గోడ ఆపిన చోటే కొలత తీసుకున్నాను. చేతిలో పని నడుస్తున్నప్పుడు కళ్ల ముందున్న గోడే లోకం అయిపోతుంది. ఇంతకంటే మంచి సంజాయిషీ నా దగ్గర లేదు.

బండి తీసుకెళ్లడానికి ఆయన ఒక్కరే వచ్చారు. వెనక స్పీకర్లు వద్దని మొదటే చెప్పారు, ముందు క్యాబిన్లో మాత్రం రెండు పెట్టాం. అవి పని చేస్తున్నాయో లేదో చూడడానికి ఏదైనా పాట పెట్టమంటే ఆయన తన ఫోను కలిపి ఒక పాట పెట్టారు. చర్చి పాట, ఆడగొంతు. ఎడమ పక్క స్పీకరు కాస్త గరగర అంటోంది. నేను వంగి దాని స్క్రూలు బిగిస్తూ, పాట మళ్లీ పెట్టమని రెండు మూడుసార్లు అడిగాను. ఆయన పెడుతూనే ఉన్నారు, మొహం మాత్రం అటు తిప్పుకుని నిలబడ్డారు. గరగర పోయింది. బాగుందండి, తీసుకెళ్లండి అన్నాను. అద్దం వేసేస్తే వెనక్కి వినపడదు కదా అని ఆయన రెండుసార్లు అడిగి మరీ వెళ్లారు. ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ఆవిడ ఒక చీటీ పంపారు. చిన్న పుస్తకంలోంచి చింపిన కాగితం, టీచరు రాసే గుండ్రటి అక్షరాలు. బండి మా ఇంటి గదిలా ఉందండి, ఆసుపత్రిలా లేదు అని రాసి ఉంది. దాన్ని నేను నా పనిముట్ల పెట్టె మూతకి లోపలి పక్క అంటించుకున్నాను. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడిని.

నాలుగైదు నెలలు గడిచాయి. ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ వ్యాను వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. ఆయనే దిగారు. గడ్డం పెరిగి ఉంది. వెనక సీటు, పలకలు, బెల్లు అన్నీ తీసేసి మామూలు బండి చేసెయ్యమన్నారు. ఇంక మొక్కలు వేసుకోవడానికి వాడుకుంటాను అన్నారు. అప్పటికి మాకు అర్థమైంది. మా బావ కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన కూర్చోలేదు, నిలబడే చెప్పారు.

పాలకొల్లు కూతురింటికి బయలుదేరారట. మామూలుగా వెనక ఆవిడ పక్కన ఇంట్లో సాయానికి ఉండే మనిషి కూర్చుంటుంది. మెడ గొట్టంలో కఫం అడ్డుపడితే వెంటనే తీసెయ్యాలి, ఆ పని ఆ మనిషికి వచ్చు. ఆ రోజు ఆ మనిషికి జ్వరం వచ్చి రాలేదు. కూతురు ఫోను చేసి, నేను వచ్చి వెనక కూర్చుంటాను, రేపు బయలుదేరండి నాన్నా అందట. బెల్లు ఉంది కదా, నేను ఆగుతూ ఆగుతూ వస్తాలే అన్నారట ఈయన. రావులపాలెంలో ఆపి చూశారు, బాగానే ఉన్నారు. మళ్లీ సిద్ధాంతం వంతెన దాటాక ఆపి చూస్తే అంతా అయిపోయింది. చెయ్యి డోరు మీదే, స్విచ్ మీదే ఉంది.

"నేను పాట వింటున్నానండి," అన్నారాయన. "ఆవిడ పాటే. చర్చిలో పాడినప్పుడు ఎవరో నా ఫోనులో తీశారు. ఆవిడకి వినపడితే బాధపడుతుందని ఇంట్లో ఎప్పుడూ పెట్టుకోను. బండిలో అద్దం ఉంది కదా అని ముందు పెట్టుకునేవాణ్ణి. ఆవిడ పాట వింటూ కూర్చుని ఆవిడ బెల్లు వినలేదండి నేను."

మా షెడ్డులో అప్పుడు ఒక్క మిషను కూడా ఆడటం లేదు. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. తర్వాత డోరు వేసి తనే ఆ స్విచ్ నొక్కి చూశారట. మోగిందట, గట్టిగానే మోగిందట. అయినా ఒకసారి మీరు చూసి చెప్పండి మేస్త్రి గారూ, బెల్లు బాగానే ఉందా అని అడిగారు. అది అడిగి, షెడ్డు ముందు రేకుల కింద బల్ల మీద వెళ్లి కూర్చున్నారు. మా బావ టీ తెప్పించి పక్కన పెట్టాడు. అది అలాగే చల్లారిపోయింది.

నేను డోరు తెరిచాను. ఈసారి బండి బయట ఉంది, గోడ లేదు. డోరు వెనక్కి వెళ్లి బాడీకి ఆనింది. బందుల మధ్య నా వైరు బట్టలారేసుకునే తీగలా బిగుసుకుని నిలబడింది. డోరు లోపలి ప్యాడ్ ఊడదీసి, కరెంటు వస్తే వెలిగే టెస్ట్ ల్యాంపు పెట్టి స్విచ్ నొక్కాను. వెలగలేదు. డోరు వేసి నొక్కితే వెలిగింది. వేసిన డోరుని అరచేత్తో తడితే ఒకసారి వెలిగి ఒకసారి ఆరింది. వైరు పైతొడుగు ఎక్కడా చెక్కుచెదరలేదు. లోపల రాగి మాత్రం తెగిపోయి ఉంది. కుర్చీ ఎక్కించినప్పుడల్లా డోరు మొత్తం తెరిచారు, అప్పుడల్లా అది సాగి సాగి ఏదో ఒక రోజు లోపల తెగింది. డోరు వేసి ఉంటే రెండు కొసలూ ఒకదానికొకటి తగులుతాయి, రోడ్డు మీద కుదుపు వస్తే విడిపోతాయి. ఆ రోజు ఆవిడ నొక్కినప్పుడు తగిలి ఉన్నాయో విడిపోయి ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. రబ్బరు గొట్టం ఉంచి జానెడు వైరు వదులుగా వదిలి ఉంటే మాత్రం ఇంత ఆలోచన అవసరమే ఉండేది కాదు.

తల ఎత్తితే మా బావ సీటు బోల్టులు విప్పుతూ ఆగి, నా చేతిలో వైరు వైపు చూస్తున్నాడు. ఆయనకి వైరింగు రాదు గానీ వెలిగి ఆరే ల్యాంపు ఎవరికైనా అర్థమవుతుంది. మెల్లిగా, "చెప్పెయ్ బావా," అన్నాడు.

చెప్పేద్దామనే లేచాను. ఇందులో అబద్ధం లేదు. ఆ రేకుల కిందికి ఇరవై అడుగులు ఉంటాయేమో, అంత దూరమూ లోపల మాటలు కూర్చుకుంటూనే నడిచాను. వైరు తెగి ఉందండి, తప్పు నాది, మీ చెవులది కాదు. ఇంతే చెప్పాలి. ఆయన తల ఎత్తి నా మొహం వైపు చూశారు. అంత ఆశగా నా మొహంలోకి చూసినవాళ్లు నా ఉద్యోగంలో ఇంకెవరూ లేరు.

"బాగానే ఉందండి," అన్నాను.

ఎందుకలా అన్నాను అని మీరు అడుగుతారు. పోలీసులకి భయపడలేదు. ఓనరు పని మానిపిస్తాడనీ అనుకోలేదు. వైరు దాచడంలో మొనగాడు అన్న పేరు పోతుందని భయపడ్డాను. పందెం వేసి టీలు తాగినవాళ్లందరూ రేపటి నుంచి నన్ను ఎలా చూస్తారో అని భయపడ్డాను. ఒక మనిషి తన భార్యని తనే పోగొట్టుకున్నానని కుమిలిపోతుంటే నా లెక్క అది. ఆయన తల ఊపి, అనుకున్నానండి అన్నారు. సాయంత్రం దాకా కూర్చుని, బండి తీసుకుని వెళ్లిపోయారు. నేను ఆ తెగిన వైరు ముక్క కోసి జేబులో వేసుకున్నాను. ఆ రాత్రి పెట్టె మూత నుంచి చీటీ తీద్దామని చూస్తే రాలేదు, జిగురు గట్టిగా పట్టేసింది. గోటితో గీకితే చిరుగుతుందని వదిలేశాను. అప్పటి నుంచి ఆ పెట్టె మూత పూర్తిగా ఎత్తడం మానేశాను, చెయ్యి పట్టేంత తెరిచి పనిముట్లు తీసుకునేవాడిని.

మా బావ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ ఎదురు చెప్పి, గొడవపడి, మళ్లీ కలిసిపోయేవాళ్లం. ఆయన అలా చెయ్యలేదు. మర్నాటి నుంచి క్యారేజీ తీసుకుని వెల్డింగు వాళ్ల వైపు వెళ్లి కూర్చుని తినడం మొదలుపెట్టాడు. పలకరిస్తే పలికేవాడు, బావా అనేవాడు. కానీ నాతో తినలేదు. నేనూ పందేలు వెయ్యడం మానేశాను. రబ్బరు గొట్టం లేకుండా ఒక్క డోరు కూడా మళ్లీ చెయ్యలేదు. వికారంగా ఉందని బండివాళ్లు గొణిగితే, ఉంటే ఉండనివ్వండి అనేవాడిని. నేను మారానని అందరూ అనుకున్నారు. మారడం వేరు, చెప్పడం వేరు అని మా బావ ఒక్కడికే తెలుసు.

కొన్నేళ్లకి మా బావ చూపు మందగించి పని మానేశాడు. వెళ్లే రోజు తన సూదులు, కత్తెర గుడ్డలో చుట్టుకుంటూ, "కడియం ఆయన చెవులు బాగానే ఉన్నాయని ఎవరో ఒకరు చెప్పాలి కదా బావా," అన్నాడు. చెప్తాలే అన్నాను. ఆ తర్వాత నేనూ రిటైరయ్యాను. కడియం నాకు ఎంత దూరం, బస్సెక్కితే ఎంతసేపు. మొక్కలు కొనడానికి మా ఇంటావిడ ఎన్నిసార్లు పిలిచినా ఏదో వంక పెట్టి తప్పించుకున్నాను.

పోయిన ఏడాది మా బావకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే చూడడానికి వెళ్లాను. గుమ్మం పక్కన మంచం మీద పడుకుని ఉన్నాడు. కళ్లు పూర్తిగా పోయాయి. నా గొంతు విని గుర్తుపట్టాడు. నా ఆరోగ్యం అడగలేదు, పిల్లల సంగతి అడగలేదు. "చెప్పావా?" అని ఒక్కటే అడిగాడు. నేను ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దాను. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నెల తిరక్కుండానే పోయాడు. పెద్దకర్మ నాడు భోజనానికి పిలిచారు గానీ నేను తినకుండానే వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఆ వైరు ముక్క జేబులో వేసుకుని కడియం బస్సెక్కాను.

నర్సరీలో ఆయన గులాబీ మొక్కలకి పైపుతో నీళ్లు పెడుతున్నారు. బాగా వంగిపోయారు గానీ గుర్తుపట్టారు. మేస్త్రి గారూ అని పిలిచి, స్టూలు తెచ్చి వేశారు. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పాను. వాన, గోడ, సగానికే తెరిచిన డోరు, తీసేసిన గొట్టం, టెస్ట్ ల్యాంపు. ఆ రోజు బెల్లు మోగిందో లేదో నాకు తెలియదండి, వైరు తెగి ఉందని మాత్రం తెలుసు, తెలిసీ మీకు చెప్పలేదు అన్నాను. వైరు ముక్క ఆయన చేతిలో పెట్టాను.

ఆయన పైపు కింద పెట్టేశారు. నీళ్లు మొక్కల మధ్య మడిలో పారుతున్నాయి. వైరుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని వంచి చూశారు. తెగిన చోట అది రబ్బరులా మెత్తగా మడత పడింది. అలా చాలాసార్లు వంచి, చాచి, వంచి చూశారు. చెవులు రెండుసార్లు పరీక్ష చేయించుకున్నానండి, బాగున్నాయన్నారు, నేను నమ్మలేదు అన్నారు. నన్ను తిడతారేమో అని చూశాను. తిడితే బాగుండేదేమో.

"అయితే పాట తప్పు కాదన్నమాట," అన్నారు.

కాదండి అన్నాను.

"బెల్లు బాగానే ఉందని మీరన్న రోజు, మీ షెడ్డు నుంచి వస్తూ కాలవ లాకుల దగ్గర బండి ఆపి, ఆ పాట ఫోనులోంచి తీసేశానండి. అంతకుముందు తీసెయ్యలేదు. మీరేమైనా చెప్తారేమోనని ఆగాను."

నేను ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఇంకెవరి దగ్గరైనా ఉందేమో అని అడిగాను. లేదన్నారు. చర్చిలో అందర్నీ అడిగారట, ఫొటోలు ఉన్నాయి గానీ గొంతు ఎవరి దగ్గరా లేదట. పాలకొల్లు నుంచి కూతురు ఎప్పుడు ఫోను చేసినా, అమ్మ పాట పంపండి నాన్నా, పిల్లలకి వినిపిస్తాను అంటుందట. వెతుకుతున్నానమ్మా అని ఇన్నేళ్లూ చెప్తూ వచ్చారట. అడిగీ అడిగీ ఈ మధ్యే ఆ అమ్మాయి అడగడం మానేసిందట.

తర్వాత ఆయనకేదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగారు. ఆ చూపు నాకు తెలుసు. ఆ రేకుల కింద ఒకసారి చూశాను.

"మీరు విన్నారు కదండీ ఆ పాట. బండి ఇచ్చిన రోజు. మూడుసార్లు పెట్టించుకున్నారు," అన్నారు. "నాకు మాటలు గుర్తున్నాయి గానీ గొంతు రోజురోజుకీ జారిపోతోందండి. ఎలా ఉండేదో చెప్పగలరా?"

నేను చాలాసేపు ప్రయత్నించాను. క్యాబిన్ గుర్తొచ్చింది. కొత్త రెగ్జిన్ వాసన గుర్తొచ్చింది. నా చేతిలో స్క్రూడ్రైవరు, అటు తిరిగి నిలబడ్డ ఆయన వీపు, ఎడమ పక్క స్పీకరులో గరగర, అది ఎన్నో స్క్రూ బిగిస్తే ఆగిందో కూడా గుర్తొచ్చింది. చాలా బాగుండేదండి అని ఒక్క మాట అనేస్తే ఆయనకి సరిపోయేదేమో. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"నేను పాట వినలేదండి," అన్నాను. "స్పీకరు మోగుతోందో లేదో మాత్రమే విన్నాను."

ఆయన తల ఊపారు. వైరు ముక్కని చొక్కా జేబులో పెట్టుకుని, పైపు ఎత్తి, మిగిలిన వరసకి నీళ్లు పెట్టడం మొదలుపెట్టారు.